కొంగలకి గట్టి షెడ్యూల్

కనాటా
సెప్టెంబరు మొదటివారం

చిరంజీవి కిట్టుకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి ఇక్కడ కుశలం ఏమీ లేదు. మీ అక్క మన ఫోన్లు కట్టిపెట్టించేసింది. శనివారం మ్యాచ్ అయ్యాక మనిద్దరం అరుచుకున్న అరుపులకి నా బీపీ ఎంత పెరిగిందో మిషన్ పెట్టి చూసి, "ఇకమీదట ఫుట్‌బాల్ గురించి మాట్లాడాలంటే ఇద్దరూ ఉత్తరాలు రాసుకోండి. పోస్టులో వెళ్ళేసరికి వేడి చల్లారుతుంది" అని ఆర్డరు వేసింది. నీకు అక్క, నాకు భార్య. కాంతం మాట ఇద్దరికీ హైకోర్టే. అందుకని ఎన్నో ఏళ్ళ తర్వాత కాగితం మీద తెలుగు రాస్తున్నాను. చల్లారుతుందన్నది మాత్రం ఉత్తిమాట. రాస్తున్నకొద్దీ మండుతోంది.

ముందు షెడ్యూల్ సంగతి తేల్చు. మా మనవరాలు రిషిత కాలేజీ జట్టు హెరాన్స్ అని పేరు పెట్టుకున్న పాపానికి నువ్వు కొంగలు, కొంగలు అని వెక్కిరిస్తావు. ఆ కొంగలకి లీగువాళ్ళు ఏమిచ్చారు? మొదటి మ్యాచ్ మీ మనవడు ప్రణీత్ జట్టుతో, అదీ మీ గ్రౌండులో. రెండోది పోయినేటి చాంపియన్లతో. మూడోదానికి రోజంతా బస్సులో పడి వెళ్ళాలి. మరి మీవాళ్ళకి? పోర్కుపైన్స్ అట, ముళ్ళపందులు! వాళ్ళకి సగం మ్యాచ్‌లు ఇంటి దగ్గరే, సగం జట్లు పోయినేడు ఒక్కటీ గెలవనివి. పదకొండు జట్ల లీగులో తలా ఎనిమిది మ్యాచ్‌లే ఆడతారు, అందరూ అందరితో ఆడరు. మరి ఎవరికి ఎవరు పడాలో నిర్ణయించే పెద్దమనిషి ఎవడు? మావాళ్ళు కొట్టేవి కొబ్బరికాయలు, మీవాళ్ళు ఒలిచేవి అరటిపళ్ళు. చివర్లో మాత్రం ఎన్ని అన్నదే లెక్క, ఏవి అన్నది ఎవడికీ అక్కర్లేదు.

రిషితకి ఇది ఆఖరి సీజన్. ఏప్రిల్‌లో చదువు అయిపోతుంది. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఈ ఫుట్‌బాల్‌లో, లీగు మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల, జట్టు తరఫున బంతి తన్నిపెట్టే కిక్కర్. ఆ తర్వాత దానికి ఈ ఆట ఆడే చోటెక్కడుంది? ఒక్కసారైనా ప్లేఆఫ్స్ ఆడాలని దాని కోరిక. మొదటి ఆరు జట్లే వెళ్తాయి. ఇలాంటి షెడ్యూల్ నెత్తిన పెట్టి ఆడమంటే ఎలా వెళ్తుంది?

ఇక అసలు సంగతి. నాలుగో క్వార్టర్లో రిషిత బంతి తన్నింది. పట్టుకున్నది నీ మనవడు. అడ్డమొచ్చినవాళ్ళందర్నీ తప్పించుకుని వచ్చాడు. చివర్న మిగిలింది రిషిత ఒక్కతే. పక్కన లారీ తిప్పుకునేంత ఖాళీ ఉంది. అటు వెళ్ళాడా? నేరుగా వచ్చి భుజంతో కుమ్మాడు. పిల్ల వెల్లకిలా పడింది. వాడు వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తి పాయింట్లు తెచ్చుకున్నాడు. నేను ఇంట్లో టీవీ ముందు గావుకేక పెట్టాను. గ్రౌండులో నువ్వు లేచి నిలబడ్డావని మా అబ్బాయి వికాస్ కళ్ళారా చూశాడు.

వరసకి బావ. మరదలి మీద వసంతం చల్లాల్సినవాడు. ఇక్కడ పుట్టిన పిల్లలకి వరసలు తెలియవు, కజిన్ అని ఒక్కమాటలో అందర్నీ కట్టగట్టేస్తారు, సరే. ఆడపిల్ల అన్నదైనా కనపడదా?

దీన్ని ఇంతటితో వదలను. లీగుకి అర్జీ పెడుతున్నాను. షెడ్యూల్ మీదా, నీ మనవడి మీదా, రెండూ ఒకే కాగితంలో.

ఇంత కోపంలోనూ ఆశీస్సులతో,
మీ బావ
రామ్మోహన్


మిస్సిసాగా
సెప్టెంబరు రెండోవారం

పూజ్యులైన బావగారికి నమస్కారాలు,

ఉత్తరం అందింది. కవరు మీద స్టాంపు అంటించిన తీరులోనే మీ కోపం తెలిసింది, పాపం దాన్ని గుద్దినట్టున్నారు. మా ఆవిడ రాధిక చదివి, "అన్నయ్యగారు రిటైరయ్యాక ఇంత ఉత్సాహంగా ఎప్పుడూ లేరు" అంది.

షెడ్యూల్ విషయానికి వస్తే, పోయినేడు గెలవని జట్లు ఈ ఏడూ గెలవవని మీకెవరు చెప్పారు? పోయినేటి ఫోటో చూసి ఈ ఏడు పెళ్ళిచూపులు కానిచ్చేసినట్టుంది మీ వరస. షెడ్యూల్ గట్టిదో మెత్తదో సీజన్ అయ్యాక తెలుస్తుంది. మనం ఆడినవాళ్ళు తర్వాత ఎన్ని గెలిచారో చూసి చెప్పాలి. ముందే ఏడిస్తే లాభం లేదు.

నేను లేచి నిలబడ్డమాట నిజమే. చప్పట్లు కొట్టడానికి కాదు. రిషిత లేస్తుందా లేదా అని చూడ్డానికి. లేచింది, హెల్మెట్ సర్దుకుంది. అప్పుడు కూర్చున్నాను. అది కూడా వికాస్ చూసి ఉంటే బాగుండేది.

రూలు మీకూ తెలుసు. తన్నేటప్పుడు కిక్కర్‌ని ముట్టుకోకూడదు. తన్నేశాక ఆ పిల్లా మిగతా పదకొండుమంది లాంటిదే. వాణ్ణి ఆపడం దాని పని, దాన్ని దాటడం వాడి పని. వసంతాలు చల్లుకోవడానికి అది పెళ్ళిపందిరి కాదు కదా బావగారూ.

ఒక్కమాట అడుగుతాను. రిషిత ఏమంది? మీ ఉత్తరంలో మీ మాట ఉంది, అక్క మాట ఉంది, వికాస్ చూసింది ఉంది. ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన ముక్క ఒక్కటీ లేదు. ప్రణీత్ నాతో ఒక సంగతి చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, అందుకని రాయను.

అర్జీ మాత్రం వద్దు. ఉద్యోగంలో ఉండగా క్యాంటీన్ కాఫీ బాగాలేదని అర్జీ పెట్టారు, గుర్తుందా? ఆ దెబ్బకి మిషనే తీసుకెళ్ళిపోయారు. ఫ్లోరంతా రెండేళ్ళు మిమ్మల్ని తిట్టుకున్నారు.

అక్క మాగాయ జాడీ ఎప్పుడు పంపిస్తుందో కనుక్కోండి. మొన్నటిది అడుగంటింది.

మీ బావమరిది
కిట్టు


కనాటా
సెప్టెంబరు మూడోవారం

చిరంజీవి కిట్టుకి,

అర్జీ వెళ్ళిపోయింది.

వినాయక చవితి సంబరాల్లో, కమ్యూనిటీ హాల్లో పులిహోర లైను దగ్గర నిలబడి సంతకాలు పెట్టించాను. మొదటి సంతకం టెంపుల్ కమిటీ వీరరాఘవులుగారిది. ఆయన పెట్టాక ఇంకెవరు కాదంటారు? ప్లేటు ఒక చేత్తో, పెన్ను ఒక చేత్తో, అందరూ పెట్టారు. సగంమంది పార్కింగ్ సమస్య గురించి అనుకుని పెట్టారట. పెడితే పెట్టారు, సంతకం సంతకమే. ఎవరో ఆ వీడియో ముక్క కత్తిరించి 'తెలుగమ్మాయిపై దాడి' అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. పెట్టనీ! ఊరందరికీ తెలియాలి.

సీజన్ అయ్యాక చెప్పాలంటావా? జీవితమంతా టెలికాంలో సిగ్నల్ బలం కొలిచినవాణ్ణి, ఎదుటి జట్టు బలం కొలవలేనా? ఎక్సెల్ తీసి పదకొండు జట్లకీ లెక్క కట్టాను. ఏ గ్రౌండులో ఆడారు, ఎంత దూరం బస్సులో వెళ్ళారు, మధ్యలో ఎన్నాళ్ళు విశ్రాంతి దొరికింది, అన్నీ కలిపాను. మాది అందరికంటే గట్టిది. మీది అడుగునుంచి రెండోది. మా షెడ్యూల్ మీకిచ్చి ఉంటే ఈపాటికి ముళ్ళన్నీ రాలి ఒట్టి పందులు మిగిలేవి. ఆ షీటు ప్రింటు తీసి అర్జీకి జతచేశాను. చూసినవాడికి కళ్ళు తిరగాలి.

రిషితని ఏం అడగను? ఫోను చేస్తే "ఐయామ్ ఫైన్ తాతా" అంటుంది. ఆడవాళ్ళు ఫైన్ అంటే ఫైన్ కాదని మీ అక్కతో కాపురం చేసి నేర్చుకున్నాను. దాని తరఫున మాట్లాడే పెద్దదిక్కు ఒకడుండాలి. ఆ ఒకడూ నేనే.

మాగాయ ఆగిపోయింది. ఆపింది మీ అక్కే. నాది సిఫార్సు మాత్రమే.

మీ బావ
రామ్మోహన్


మిస్సిసాగా
సెప్టెంబరు ఆఖరు

శ్రీ రామ్మోహన్ గారికి,

మీ అర్జీకి లీగువాళ్ళు జవాబిచ్చారు. ఆట రూలు ప్రకారమే జరిగింది, ఆటగాడి తప్పేమీ లేదు అన్నారు. దాని కాపీ మీకూ వచ్చింది. ఆ సంగతి మీరు మీ గ్రూపుల్లో పెట్టలేదు. నాకూ రాయలేదు.

వీడియో మాత్రం తిరుగుతూనే ఉంది. దాని కింద మనవాళ్ళు రాసిన మాటలు నేను ఈ కాగితం మీద పెట్టలేను. వీడికి తల్లి లేదా అన్నారు, పెంపకం అన్నారు. కాలేజీకి ఈమెయిళ్ళు వెళ్ళాయి. గొడవ సద్దుమణిగేదాకా కూర్చోమని కోచ్ ప్రణీత్‌ని పక్కన పెట్టాడు. రెండు మ్యాచ్‌లుగా వాడు జెర్సీ వేసుకుని బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఆ రెండూ మావాళ్ళు ఓడారు. మీ ఎక్సెల్‌లో రాసుకోండి.

బ్రాంప్టన్‌లో కూరగాయల కొట్టులో ఒకావిడ రాధికని ఆపి, "ఆ అమ్మాయిని పడగొట్టింది మీవాడేనటగా" అని అడిగింది. రాధిక బండి అక్కడే వదిలేసి వచ్చేసింది. అప్పట్నుంచీ ఆ కొట్టుకి వెళ్ళడంలేదు.

ఎవరి మీద పెట్టారండీ అర్జీ? మీ ఇంట్లో పారాడిన పిల్లాడి మీద! వాడికి మొదట కారు తోలడం నేర్పింది మీరు. మీ పక్కనే పడుకుంటానని ఏడ్చేవాడు. వాడి పేరు రాసి, పులిహోర లైన్లో నిలబెట్టి, ముక్కూమొహం తెలియనివాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తారా?

వాడికీ ఇది ఆఖరి ఏడే బావగారూ. అలవాటుకొద్దీ బావగారూ అని పడింది. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు, ఉండనివ్వండి.

మాగాయ మీరే తినండి. ఇక ఉత్తరాలు కూడా వద్దు.

కృష్ణమూర్తి


కనాటా
అక్టోబరు మొదటివారం

చిరంజీవి కిట్టుకి,

వద్దన్నావు. అయినా రాస్తున్నాను.

లీగు జవాబు నాకు వచ్చినమాట నిజమే. సొరుగులో పెట్టాను. చిన్న కాగితం, మూడు లైన్లు. నేను ఆరు పేజీలు రాస్తే మూడు లైన్లా! ఆ కోపంలో ఎవరికీ చూపించలేదు. ప్రణీత్‌ని కూర్చోబెట్టమని నేను అడగలేదు. వాడు క్షమాపణ చెప్పాలన్నాను, అంతే. రాధిక సంగతి చదివి మీ అక్క నాతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టి వెళ్ళిపోతోంది.

ఇప్పుడు నేను రాసేది చదివి నువ్వు నవ్వుతావు. నవ్వుకో. మావాళ్ళు పుంజుకున్నారు. ఆరో స్థానానికి పోటీ మాకూ ట్రౌట్స్ అనే ఇంకో జట్టుకీ మధ్య పడింది. కొంగలకి చేపలు అడ్డమొచ్చాయి, అదీ మా రాత. ఇద్దరం సమానంగా ముగించేలా ఉన్నాం. సమానమైతే లీగు ఏం చూస్తుందో తెలుసా? ఎవరి షెడ్యూల్ గట్టిది అని! అంటే మేం ఆడిన జట్లన్నీ కలిపి ఎన్ని గెలిచాయి, వాళ్ళు ఆడిన జట్లు ఎన్ని గెలిచాయి అని. నువ్వు చెప్పిందే రూలు. సీజన్ అయ్యాకే తేలుతుంది.

ట్రౌట్స్ ఈ ఏడు మీతో ఆడలేదు. మేం ఆడాం. మీరు గెలిస్తే మా షెడ్యూల్ గట్టిపడుతుంది. మీరు ఓడితే మెత్తబడుతుంది. ప్రణీత్ లేక మీరు రెండు ఓడారు కదా, ఆ రెండింటితోనే మా లెక్క తలకిందులైంది. మీ ఆఖరి మ్యాచ్ మీరు గెలిస్తేనే రిషిత ప్లేఆఫ్స్‌కి వెళ్తుంది.

మనల్ని ఓడించినవాడు గెలవాలని దండం పెట్టుకోవాలట! ఇదేం రూలు? ఏ దేశంలో ఉంది ఇలాంటి న్యాయం? ఇక్కడే ఉంది, ఏం చేస్తాం.

మీ జట్టు మంచి జట్టని నేను లోలోపల ఎప్పుడూ అనుకుంటూనే ఉన్నాను. ప్రణీత్‌ని ఆడించమని నువ్వు కోచ్‌తో ఒక్కమాట చెప్పు. నా కోసం కాదు, రిషిత కోసం.

బావ


మిస్సిసాగా
అక్టోబరు రెండోవారం

రామ్మోహన్ గారికి,

ఓడలు బండ్లవుతాయంటారు. అవుతుంటే చూడ్డం ఇదే మొదటిసారి. పోయిన నెల అరటిపండు అన్నది ఈ నెల కొబ్బరికాయ అయిందన్నమాట.

నేను కోచ్‌ని అడగను. వాణ్ణి ఆడించొద్దని ఊరంతా గోలపెడితే కూర్చోబెట్టినవాడు, ఒక తాతగారు ఫోను చేస్తే లేపుతాడా? గోలపెట్టినవాళ్ళే నోరు మూయించాలి.

ప్రణీత్ నాతో చెప్పిన సంగతి ఇప్పటికీ రాయను. అది చెప్పాల్సింది మీ ఇంటి పిల్లే. ఇన్ని సంతకాలు పెట్టించారు. రిషిత సంతకం అడిగారా?

కిట్టు


కనాటా
అక్టోబరు, థాంక్స్‌గివింగ్ వెళ్ళిన మర్నాడు

కిట్టూ,

అడిగాను.

శనివారం థాంక్స్‌గివింగ్ సెలవులకి రిషిత ఇంటికొచ్చింది. భోజనాల దగ్గర, "ఆ రోజు నీకు దెబ్బ బాగా తగిలిందా తల్లీ?" అని మొదలుపెట్టాను. చెంచా కింద పెట్టేసింది. నీకు తెలుసుగా, వీళ్ళు కోపమొస్తే ఇంగ్లీషే మాట్లాడతారు. అది అన్నది నా తెలుగులో రాస్తున్నాను.

"తాతా, నీ పిటిషన్ నిండా నా పేరే ఉంది. నన్ను ఒక్కసారి అడిగావా? మూడేళ్ళుగా ప్రతి జట్టూ నన్ను చూసి పక్కకి తప్పుకుంటోంది. బంతి పట్టుకొచ్చినవాడు నా దాకా వచ్చేసరికి గీత దాటి బయటికి పోతాడు. ఆడపిల్లని కొట్టాడన్న పేరు ఎందుకని. మీరంతా దాన్ని మర్యాద అనుకుంటారు. నా లెక్కలో నేనక్కడ లేనట్టే. మా కోచ్‌కి కూడా తెలియదు నేను ఎవణ్ణయినా ఆపగలనో లేదో. నాకే తెలియదు. అందుకని మ్యాచ్ ముందు నేనే ప్రణీత్‌కి ఫోన్ చేశాను. నువ్వు కూడా తప్పుకుంటే జన్మలో నీతో మాట్లాడనని చెప్పాను. వాడు తప్పుకోలేదు. కింద పడ్డాను, నిజమే. తర్వాత నెలరోజులు ఎదురొచ్చినవాణ్ణి ఎలా పట్టి పడెయ్యాలో ప్రాక్టీస్ చేశాను. మా షెడ్యూల్ టఫ్ అని నువ్వు ఊరంతా చాటావు. నాకు అందులో టఫ్ మ్యాచ్ ఒక్కటే తాతా. ఆ ఒక్కదానికి వాణ్ణి బెంచీ ఎక్కించావు."

అని లేచి వెళ్ళిపోయింది. మీ అక్క పప్పుగిన్నె పట్టుకుని నిలబడిపోయింది. ఎక్సెల్‌లో బస్సు దూరాలు కలిపాను, విశ్రాంతి రోజులు కలిపాను. దాన్ని ఎంతమంది మనిషిగా లెక్కపెట్టారన్న గడి నా షీటులో లేదు కిట్టూ. నేనూ పెట్టలేదు.

ఆదివారం అదే హాల్లో దసరా సంబరాలు. వీరరాఘవులుగారి దగ్గర మైకు అడిగి తీసుకున్నాను. "చవితినాడు నేను పెట్టించిన సంతకాలు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కుర్రాడు మా మనవడు. వాడు ఆటే ఆడాడు. నేను ఎవర్నీ అడక్కుండా, ముందూవెనకా చూడకుండా మీ అందర్నీ ఇందులోకి లాగాను. తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి" అన్నాను. వెనకనించి ఒకాయన, "అయితే పార్కింగ్ సంగతి ఏమైనట్టు?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నేను స్టేజీ దిగుతుంటే రిషిత ఎక్కింది. వస్తుందనుకోలేదు. రెండే మాటలు చెప్పింది. ఆ వీడియోలో పడిపోయింది నేనే, నాకు ఫిర్యాదు లేదు, వాడు నన్నూ ఆటగాళ్ళలో ఒకరిగా చూశాడు అని. అక్కడే నిలబడి ఫోన్లో అదే వీడియో తన పేరుతో పెట్టింది. వీరరాఘవులుగారు ముందుగా తన గ్రూపులో ఫార్వర్డ్ చేశారు. ఏదైనా మొదటి సంతకం ఆయనదేగా.

రాధికకి నేను ఫోను చెయ్యలేను, మొహం చెల్లదు. మీ అక్క జాడీ కట్టింది. ఈ శనివారం మిస్సిసాగా వచ్చే మనిషితో పంపిస్తున్నాం. తీసుకోమని రాధికకి చెప్పు. తీసుకుంటే చాలు.

రామ్మోహన్


మిస్సిసాగా
అక్టోబరు ఆఖరు

పూజ్యులైన బావగారికి నమస్కారాలు,

మాగాయ ముట్టింది. రాధిక జాడీ మూత తీసి వాసన చూసి, "ఉప్పు తక్కువేసింది వదిన" అంది. క్షమించేసిందని అర్థం. మొన్న అదే కొట్టుకి వెళ్ళి, అదే ఆవిడకి రిషిత పెట్టిన వీడియో చూపించి మరీ వచ్చింది.

ఆఖరి మ్యాచ్ మీరు టీవీలో చూసే ఉంటారు. కోచ్ ప్రణీత్‌ని మొదటినుంచీ ఆడించాడు. మూడో స్థానం ముందే ఖాయమైపోయింది కాబట్టి మిగతా పెద్ద ఆటగాళ్ళకి విశ్రాంతి ఇచ్చాడు. వీడు మాత్రం కూర్చోనన్నాడట. ఎంత గింజుకుని గెలిచారో చూశారుగా. అవతలివాడు ఆఖర్న తన్నిన బంతి గోలు కర్రకి తగిలి పక్కకి పోకపోతే మీ కొంగలు ఇంటికెళ్ళేవి. ఆ జట్టు చివర్న ఉన్న జట్టండీ! మీ షీటులో దానికి ఎంత వేశారో ఒకసారి చూసుకోండి.

అలా మీ షెడ్యూల్ గట్టిదని లీగే ముద్ర వేసింది. ఒక్క గెలుపు తేడాతో. ఆరో జట్టు మీరు, మూడో జట్టు మేము. ఆరూ మూడూ తలపడాలి, అదీ మా గ్రౌండులోనే. మళ్ళీ అర్జీ పెడతారేమో చూసుకోండి.

వచ్చి మా ఇంట్లోనే దిగండి. హోటలంటే అక్కతో చెప్పి మీకు మళ్ళీ మౌనవ్రతం పెట్టిస్తాను.

ఒక్కటే బావగారూ. నిన్న ప్రణీత్ వచ్చి కూర్చున్నాడు. "తాతయ్యా, మళ్ళీ తనూ నేనూ ఎదురుపడితే ఏం చెయ్యను?" అన్నాడు. బెంచీ మీద కూర్చున్న రోజులు వాడికి బాగా గుచ్చుకున్నాయి. మళ్ళీ అంతమంది తిడతారేమోనని భయం. రిషిత ఏమంటుందో వాడికి తెలుసు. పెద్దవాళ్ళేమంటారన్నదే వాడి బెంగ. నేనేం చెప్పలేదు. అర్జీ పెట్టింది మీరు, జవాబు కూడా మీరే చెప్పాలి.

మీ బావమరిది
కిట్టు


కనాటా
నవంబరు

చిరంజీవి కిట్టుకి,

క్షేమంగా చేరాం. నాలుగొందల ఒకటి హైవే మీద కింగ్‌స్టన్ దాకా మీ అక్కే మాట్లాడింది, నేను వింటూ డ్రైవ్ చేశాను. ఫోను చేసుకోవచ్చని ఆవిడ ఆర్డరు రద్దు చేసింది. అయినా ఇది కాగితం మీదే రాయాలనిపించింది. ఎందుకంటే ఆ ఒక్క క్షణం నువ్వు చూడలేదు. నా పక్కనే కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకున్నావు.

నువ్వు అడిగినదానికి నేను జవాబు రాయలేదు. మీ ఇంట్లో ప్రణీత్ ఎదురుగా కూర్చుని కాఫీ తాగినా చెప్పలేదు. వాడు నా కాళ్ళకి దండం పెడితే తల నిమిరాను, అంతే.

మూడో క్వార్టర్లో రిషిత తన్నింది. బంతి గాల్లో వేలాడుతుండగానే నాకు తెలిసిపోయింది, అది ప్రణీత్ దగ్గరికే వెళ్తోందని. పట్టుకున్నాడు. మావాళ్ళు ఒక్కొక్కళ్ళే పడిపోతున్నారు. చివరికి వాడూ అదీ మిగిలారు. అచ్చం మొదటి మ్యాచ్ లాగే. నువ్వు నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నది అప్పుడే. వాడి అడుగు తడబడింది కిట్టూ. గీత వైపు ఒక్క అడుగు వేశాడు. నేను చూశాను. బయటికి వెళ్ళిపోదామనుకున్నాడు.

నీ చెయ్యి విదిలించుకుని లేచాను. ఎలా వచ్చిందో తెలియదు, గొంతు చించుకుని అరిచాను. "తప్పుకోకురా! ఒరేయ్ ప్రణీత్, తప్పుకోకు! నేరుగా రా!" చుట్టూ ఉన్న తెల్లవాళ్ళంతా నా వైపు తిరిగి చూశారు. అంత హోరులో వాడికి వినపడిందో లేదో దేవుడికి తెలియాలి. మీ అక్క మాత్రం వినపడే ఉంటుందంటుంది. నా గొంతు సంగతి ఆవిడకి తెలుసు.

వాడు గీత వదిలేశాడు. తల వంచి నేరుగా వచ్చాడు.

రిషిత ఈసారి నిలబడి చూడలేదు. కిందికి వంగి, వాడి నడుం కిందికి దూరి, రెండు కాళ్ళూ కలిపి కౌగిలించుకుంది. ఇద్దరూ ధబ్బున పడ్డారు. మీవాడు కింద, మాది పైన. బంతి అక్కడే ఆగిపోయింది. అదే ముందు లేచింది. చెయ్యి ఇచ్చి వాణ్ణి లాగి నిలబెట్టింది. లేచేటప్పుడు వాడు నవ్వుతున్నాడు. నువ్వు కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. "ఎవరు పడ్డారు?" అని అడిగావు. నేను ఏడుస్తున్నాను, అందుకని చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. పడింది మీవాడు. అర్జీ పెట్టుకుంటే పెట్టుకో.

మీరు గెలిచారు. గెలవనీ. మా పిల్లలకి సీజన్ అయిపోయింది. అయినా లీగు మీద నా కోపం పోలేదు సుమా, ఆరో జట్టుకి సొంత గ్రౌండు ఎందుకివ్వరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దాని గురించి వేరే రాస్తాను.

నువ్వు కారు తీసుకురావడానికి వెళ్ళినప్పుడు నేను కిందికి దిగి రిషిత దగ్గరికి వెళ్ళాను. మొహం నిండా మట్టి. ఓడిపోయినందుకు కళ్ళ నీళ్ళు, ఆ మట్టిలో చారలు కట్టాయి. ఆ పిల్ల ఆడటం మొదలుపెట్టాక మొదటిసారి, నా అభిప్రాయం ఏమీ చెప్పకుండా ఊరికే అడిగాను.

"ఎలా ఉందే ఆట?"

మోచేత్తో మొహం తుడుచుకుంది. పళ్ళన్నీ కనపడేలా నవ్వింది.

"టఫ్, తాతా" అంది.

మీ బావ
రామ్మోహన్